మీకు తెలుసా? కొత్త మెకానిక్ పానాల పెట్టె

ఐటీఐలో మోటార్ మెకానిక్ కోర్సు రెండేళ్లు చదివో, మేస్త్రీ పక్కన నిలబడి పని నేర్చుకునో, మొదటిసారి జీతానికి చేరబోతున్న కుర్రాళ్ళు మన ఊళ్ళలో ఏటా ఎంతోమంది ఉంటారు. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బు ఏ పానా మీద పెట్టాలి, ఏ పెట్టె కొనాలి అన్నది వాళ్ళని కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు తక్కువ. దుకాణదారు తనకి మిగిలేది చూపిస్తాడు. సాటి మెకానిక్ తన దగ్గరున్నదే మంచిదంటాడు. ఈ వారం ఈ శీర్షిక ఆ కుర్రాళ్ళ కోసం. బండి ఉన్న మిగతావాళ్ళూ చదవొచ్చు, మీ బండి బోల్టుల తలలు ఎందుకు అరుగుతున్నాయో కూడా ఇందులో తెలుస్తుంది.

బోల్టు ఒకటే, పానా వేరు

8 మి.మీ. లావున్న బోల్టు తీసుకోండి. అది జపాన్ పద్ధతిలో చేసిందైతే తలకి 12 పానా పడుతుంది. జర్మన్ పద్ధతిలో చేసిందైతే 13 కావాలి. 10 మి.మీ. బోల్టుకి జపాన్ వాళ్ళది 14, పాత జర్మన్ ప్రమాణంలో 17, ఇప్పటి అంతర్జాతీయ ప్రమాణంలో 16. 12 మి.మీ. బోల్టుకి వరసగా 17, 19, 18. మర అదే, తల కొలతే మారిపోయింది.

కాబట్టి కొత్త ఉద్యోగంలో చేరేముందు అడగాల్సిన మొదటి మాట జీతం గురించి కాదు, ‘ఇక్కడికి ఏ బళ్ళు వస్తాయి?’ అని. మారుతీ సుజుకీ, టయోటా, హోండా బళ్ళు వచ్చే షెడ్డులో 8, 10, 12, 14, 17, 19 అనే ఆరు నంబర్లతోనే చాలా పని నడుస్తుంది. కొరియా కంపెనీ అయినా హ్యుందాయ్‌దీ అదే దారి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లు వచ్చే చోట 10, 13, 16, 18 తప్పనిసరి, వాటికి తోడు నక్షత్రం ఆకారపు టార్క్స్ బిట్లు. టాటా, మహీంద్రా బళ్ళ మీద 13 తరచూ తగులుతుంది.

ఇప్పుడు హార్డ్‌వేర్ దుకాణంలో అందరికీ చూపించే ఎనిమిది పానాల సెట్టు చూడండి. 6-7, 8-9, 10-11, 12-13, 14-15, 16-17, 18-19, 20-22. మొత్తం పదహారు నోళ్ళు. మారుతీ షెడ్డులో వీటిలో రోజూ నట్టు మొహం చూసేవి ఆరే. 9, 11, 15, 18 కొన్న రోజు మెరుపుతోనే పెట్టె అడుగున పడుంటాయి. పైగా బోల్టు ఒకవైపు, నట్టు ఇంకోవైపు ఉన్నచోట ఒకే నంబరు పానాలు రెండు కావాలి. సెట్టులో అది ఒక్కటే ఉంటుంది. నా సలహా ఏమిటంటే, అదే డబ్బుతో సెట్టు బదులు ఒక కొస నోరు, ఇంకో కొస రింగు ఉండే కాంబినేషన్ పానాలు ఆ ఆరు నంబర్లలో మంచి కంపెనీవి కొనండి. 10, 12, 14 మాత్రం రెండేసి తీసుకోండి. జపాన్ కొలతల బళ్ళ కోసమే జత చేసిన 10-12, 14-17 రింగు పానాలు కూడా దొరుకుతాయి. అడగాలి, అంతే. అడగనివాళ్ళకి 10-11 ఇచ్చి పంపిస్తారు.

పది నంబరు ఎందుకు మాయమవుతుంది?

ప్రపంచంలో ఏ దేశపు మెకానిక్‌ని అడిగినా ఎక్కువగా పోయేది 10 సాకెట్టే అంటాడు. దాని వెనక లెక్క ఉంది. 6 మి.మీ. బోల్టుకి జపాన్, జర్మన్ పద్ధతులు రెండింటిలోనూ తల 10. బ్యాటరీ టెర్మినల్, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, సైడు కవర్లు, ఇంజిన్ మీద కవర్లు, వైరింగ్ క్లిప్పులు, అన్నిటికీ ఆ బోల్టే. రోజంతా చేతిలో తిరిగేది అదే కాబట్టి జారిపడేదీ అదే. మామూలుది ఒకటి, పొడవుది ఒకటి ఉంచుకుని, ఇంకొకటి విడిగా దాచుకోండి.

మిల్లీమీటర్ల సాకెట్టుకి అంగుళాల కన్నం

సాకెట్టుకి బోల్టు వైపు కొలత మిల్లీమీటర్లలో ఉంటుంది. దాన్ని తిప్పే ర్యాచెట్ హ్యాండిల్ దూరే చతురస్రపు కన్నం మాత్రం ప్రపంచమంతటా అంగుళాల్లోనే. పావు అంగుళం అంటే 6.35 మి.మీ., 3/8 అంటే 9.5, అర అంగుళం అంటే 12.7. మీటర్లలో కొలిచే జపాన్, జర్మనీ కూడా ఈ ఒక్కదాన్ని మార్చలేదు.

మన దగ్గర ‘హాఫ్ ఇంచ్’ సెట్టే ముందు కొంటారు. చక్రాల నట్లకీ సస్పెన్షన్‌కీ అది సరైనదే. కానీ దాని పొడవాటి ర్యాచెట్‌తో చిన్న 6 మి.మీ. బోల్టు బిగిస్తే, ఎంత జోరు పడుతోందో చేతికి తెలియకుండానే తల తెగి చేతిలోకి వస్తుంది. టూవీలర్ పనికి 3/8, పావు అంగుళం సెట్లే మేలు. కారు షెడ్డులో 3/8 మొదట కొని, హాఫ్ ఇంచ్‌లో ఒక పొడవాటి రాడ్డు, చక్రాల నట్లకి సరిపడే సాకెట్లు రెండు మూడు తెచ్చుకుంటే సరిపోతుంది.

ర్యాచెట్ కొనేటప్పుడు పళ్ళు ఎన్నో అడగండి. 24 పళ్ళదాన్ని ఒక్కో పట్టుకీ 15 డిగ్రీలు తిప్పాలి. 72 పళ్ళదానికి 5 డిగ్రీలు చాలు. డ్యాష్‌బోర్డు కిందా, ఇంజిన్ వెనక గోడ పక్కనా చెయ్యి ఆడే జాగా ఆ 5 డిగ్రీలే ఉంటుంది.

పానా తల వంకరగా ఎందుకుంటుంది?

నోరు తెరిచి ఉండే పానాని బల్ల మీద పెట్టి తేరిపార చూడండి. నోరు హ్యాండిల్‌కి తిన్నగా ఉండదు, 15 డిగ్రీలు పక్కకి తిరిగి ఉంటుంది. తయారీలో లోపం కాదది. నట్టుకి ఆరు పక్కలు కాబట్టి తిన్నని పానా అయితే పట్టు మార్చుకోవడానికి 60 డిగ్రీలు తిప్పే చోటు కావాలి. నోరు 15 డిగ్రీలు వంచితే, ఒకసారి తిప్పి, పానాని బోర్లించి మళ్ళీ పట్టుకోవచ్చు. అప్పుడు 30 డిగ్రీల జాగా చాలు. ఇరుకులో పనిచేసే మేస్త్రీ చేతిలో పానా ప్రతి మలుపుకీ బొమ్మాబొరుసూ అవుతుంటుంది చూడండి, అది ఇందుకే. చూసినవాళ్ళకి అలవాటులా కనిపిస్తుంది, నిజానికి అది జామెట్రీ.

పానా పొడవులోనూ ఇలాగే ఆలోచన ఉంది. 8 పానా పొట్టిగా, 19 పానా పొడుగ్గా ఉండేది అందం కోసం కాదు. మనిషి చెయ్యి ఒక మోస్తరు బలంతో లాగితే ఆ బోల్టు తట్టుకునేంత బిగువే వచ్చేలా ఆ పొడవు పెట్టారు. దానికి పైపు తొడిగి లాగామా, ఆ కాపలా పోయినట్టే. తుప్పు పట్టిన నట్టు ఊడదీయడానికి పైపు వాడే అలవాటు మన షెడ్లలో ఉంది. ఊడదీయడానికే ప్రమాదం, బిగించడానికి అసలు తగదు. పానా నోరు తెరుచుకుని జారితే ముందు దెబ్బ తగిలేది వేళ్ళ కణుపులకి. తుప్పు నూనె కొట్టి కాసేపు ఆగడమో, హాఫ్ ఇంచ్ రాడ్డు వాడడమో మంచిది.

‘స్క్రూ పానా’ అనే అడ్జస్టబుల్‌కీ ఒక దిశ ఉంది. కదిలే దవడ వైపుకి తిప్పాలి, అప్పుడు బరువు కదలని దవడ మీద పడుతుంది. వ్యతిరేకంగా తిప్పితే కదిలే దవడ వదులై నట్టు గుండ్రమవుతుంది. ఈ పానాని ఇప్పుడున్న రూపానికి తెచ్చినవాడు స్వీడన్‌కి చెందిన యోహాన్ పెటర్ యోహాన్సన్, 1890ల మొదట్లో. దీన్ని పెట్టెలో ఉంచుకోండి కానీ మొదట చెయ్యి దీని మీదికి పోకూడదు.

ఆరు మూలలా, పన్నెండా?

సాకెట్టు లోపల ఆరు మూలలున్నవీ, పన్నెండు మూలలున్నవీ ఉంటాయి. పన్నెండుది తొందరగా కూర్చుంటుంది. ఆరుది నట్టు పక్కల్ని గట్టిగా పట్టుకుంటుంది. తుప్పు, అరుగుదల ఎక్కువగా చూసే షెడ్డుకి ఆరే కొనండి.

నల్ల సాకెట్టు, తెల్ల సాకెట్టు

ఇక్కడ కాస్త ఆగి చదవాలి, ఎందుకంటే ఇది కంటికి సంబంధించిన విషయం. మెరిసే తెల్ల సాకెట్లు క్రోమ్ వెనేడియం ఉక్కుతో చేసి పైన క్రోమ్ పూత వేసినవి. చేతి పనికి అవి బాగుంటాయి, గోడలు పల్చగా ఉంటాయి కాబట్టి ఇరుకులో దూరతాయి. కానీ గాలితోనో బ్యాటరీతోనో కొట్టే ఇంపాక్ట్ గన్ నిమిషానికి వందలు, వేల కొద్దీ దెబ్బలు వేస్తుంది. ఆ దెబ్బలకి తెల్ల సాకెట్టు పగలవచ్చు, క్రోమ్ పెచ్చులు ఎగరవచ్చు. నల్లగా, గోడ మందంగా ఉండే ఇంపాక్ట్ సాకెట్లని ఎక్కువగా క్రోమ్ మాలిబ్డినం ఉక్కుతో చేస్తారు. అంత గట్టిదనం లేకుండా, దెబ్బకి కాస్త ఒదిగే గుణంతో అవి నిలబడతాయి.

టైర్ల షాపుల్లో గన్‌కి తెల్ల సాకెట్టు తగిలించి నడిపించేయడం నేను చాలాచోట్ల చూశాను. నల్లవి ఇంకా కొనలేకపోతే ఆ నట్లు చేత్తోనే విప్పండి. గన్ పట్టుకునే ప్రతిసారీ కళ్ళద్దాలు పెట్టుకోండి. వందల్లో దొరికే ఆ అద్దాలు మీ మొదటి జీతపు కొనుగోళ్ళలో ఉండాలి.

ప్లస్ స్క్రూలు రెండు జాతులు

అమెరికాకి చెందిన హెన్రీ ఫిలిప్స్ ప్రాచుర్యంలోకి తెచ్చిన ప్లస్ గుర్తు స్క్రూ 1936లో కాడిలాక్ కార్ల తయారీలో చేరింది. జపాన్ బళ్ళ మీదున్న ప్లస్ స్క్రూ చూడ్డానికి అలాగే ఉన్నా గాడి లోపలి కోణాలు కాస్త వేరు. ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ దాని అడుగు దాకా దిగదు, జోరు పెట్టగానే పైకెక్కి గాడిని కొరికేస్తుంది. హోండా, యమహా, సుజుకీ బైకుల ఇంజిన్ కవర్ల మీద తల చెడిన స్క్రూలు కనిపించడానికి సగం కారణం ఇదే. చాలా జపాన్ స్క్రూల తల మీద ఒక మూల చిన్న చుక్క ఉంటుంది, అదే గుర్తు. వాటికి జపాన్ ప్రమాణమైన ‘జేఐఎస్’ అని రాసి ఉన్న స్క్రూడ్రైవర్లు దొరుకుతాయి. మామూలు ఫిలిప్స్ స్క్రూల్లో కూడా అది చక్కగా కూర్చుంటుంది. రెండో నంబరు ఒకటి, మూడో నంబరు ఒకటి చాలు. టూవీలర్ షెడ్డులో చేరేవాడు ఇవీ, సుత్తి దెబ్బని తిప్పుడుగా మార్చే చేతి ఇంపాక్ట్ డ్రైవరూ, పొడవాటి టీ పానాలు 8, 10, 12, 14 నంబర్లవీ ముందు కొనాలి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

పాత బుల్లెట్ లెక్క

మన దేశంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మద్రాసులో 1955లో మొదలైంది. పాత బళ్ళ మీద బ్రిటిష్ అంగుళాల కొలతలే ఉండేవి. అంతకుముందు శతాబ్దంలో, 1841లో, జోసెఫ్ విట్‌వర్త్ మొదటిసారి మరకి ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. ఆయన పేరిట వచ్చిన పానాల మీది అంకె నోటి వెడల్పు కాదు, బోల్టు లావు. అందుకే 1/4 అని రాసున్న విట్‌వర్త్ పానా నోరు అర అంగుళం పైనే ఉంటుంది. పాత బుల్లెట్లు బాగుచేసే షెడ్డులో చేరితే తప్ప వీటి మీద డబ్బు పెట్టొద్దు. ఆ షెడ్డులోనే చేరితే మాత్రం ఇవి లేకుండా మొదటి రోజు కూడా గడవదు.

అక్కడ పెట్టె మెకానిక్‌ది

అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్ళు కారు రిపేరుకి ఇచ్చినప్పుడు షెడ్డులో మనిషెత్తు ఎర్రటి, నల్లటి సొరుగుల బీరువాలు చూస్తుంటారు. అవి చాలావరకు షెడ్డు యజమానివి కావు, అక్కడ పనిచేసే మెకానిక్‌వి. చేతి పనిముట్లు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవడం అక్కడి రివాజు. ఉద్యోగం మారితే బీరువాని ట్రక్కెక్కించి తీసుకుపోతారు. స్నాప్-ఆన్, మ్యాట్కో, మ్యాక్, కార్న్‌వెల్ కంపెనీల వ్యాన్లు దుకాణాన్నే మోసుకుని వారానికోసారి షెడ్ల దగ్గరికి వస్తాయి. వారం వారం కొంత కట్టేలా అప్పు మీద కూడా ఇస్తారు.

ఈ స్నాప్-ఆన్ కథ వినదగ్గది. చాలా సాకెట్లకి హ్యాండిల్ అతికే ఉండే రోజుల్లో, జోసెఫ్ జాన్సన్ అనే కుర్రాడు హ్యాండిల్ వేరు, సాకెట్టు వేరు చేస్తే బాగుంటుందని తను పనిచేసే కంపెనీకి చెప్పాడు. వాళ్ళు వద్దన్నారు. విలియం సైడెమన్ అనే సహోద్యోగితో కలిసి 1920లో మిల్వాకీలో సొంతంగా మొదలుపెట్టాడు. ఐదు హ్యాండిళ్ళు, పది సాకెట్లు కలిపి ‘యాభై పనులకి ఐదు చాలు’ అన్న అర్థంలో ప్రచారం చేశారు. ఇవాళ మన రోడ్డు పక్క షెడ్డులో ఉన్న సాకెట్ సెట్టు వెనక ఉన్నదీ అలాంటి ఆలోచనే.

కాలిఫోర్నియాలో దీనికి సంబంధించి ఒక నిబంధన ఉంది. మెకానిక్ తన చేతి పనిముట్లు తనే తెచ్చుకోవాలని యజమాని షరతు పెట్టాలంటే, అతనికి కనీస వేతనానికి రెట్టింపైనా ఇవ్వాలి. లేదంటే పనిముట్లు యజమానే సమకూర్చాలి. పనివాడి పెట్టెకి ఒక వెల ఉందని చట్టమే ఒప్పుకోవడం నాకు ఎంతో న్యాయంగా తోస్తుంది.

మన దగ్గర కంపెనీ సర్వీస్ సెంటర్లలో సాధారణంగా టూల్ ట్రాలీ వాళ్ళే ఇచ్చి సంతకం తీసుకుంటారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల విడి షెడ్లలో సగం మేస్త్రీవి, సగం కుర్రాడివి. అందుకే చేరేముందు మూడు సంగతులు తేల్చుకోండి. పనిముట్లు ఎవరివి? పోతే ఎవరు కట్టాలి? రాత్రిపూట నా పెట్టె పెట్టుకోవడానికి తాళం ఉన్న చోటు ఉందా? అడగడానికి మొహమాటపడే కుర్రాళ్ళే తర్వాత జీతంలో కోత పడితే బాధపడేది. సంతకం పెట్టేముందు ట్రాలీలో ఉన్నవన్నీ లెక్కపెట్టి, విరిగినవి విరిగినట్టు రాయించుకోండి.

అంకె పెరిగితే రేకు పల్చన

పెట్టె కొనేటప్పుడు చాలామంది బోల్తా పడేది గేజ్ దగ్గర. 22 గేజ్ అంటే 18 కన్నా ఎక్కువ కదా, గట్టిది కాబోలు అనుకుంటారు. తిరగేసి చదవాలి. 18 గేజ్ రేకు మందం సుమారు 1.2 మి.మీ., 22 గేజ్‌ది ముప్పావు మి.మీ. చుట్టుపక్కల.

మొదటి ఏడాదికి బీరువా అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. తెరిస్తే రెండు వైపులా మెట్లుగా విచ్చుకునే ఐదు అరల రేకు పెట్టె చాలు. పై అరల్లో స్క్రూడ్రైవర్లు, ప్లేయర్లు, అడుగున సుత్తి, సాకెట్లు. అన్నీ కంటి ముందుంటాయి, బండి మీద కట్టుకుని పోవచ్చు. పనిముట్లు పెరిగి ఆ పెట్టె ఒంటిచేత్తో లేవనంటోందంటే చక్రాల ట్రాలీకి వేళయిందన్నమాట. అప్పుడు చూడాల్సింది రంగు కాదు, సొరుగు. పూర్తిగా బయటికి లాగి, చివర అరచేత్తో నొక్కి చూడండి. బాల్ బేరింగ్ పట్టాలున్నదైతే ఊగకుండా నిలబడుతుంది. ఒక్కో సొరుగు ఎన్ని కిలోలు మోస్తుందో రాసి ఉండాలి. చక్రాలు పెద్దవిగా ఉండాలి, కనీసం రెండిటికి బ్రేకు ఉండాలి. మన షెడ్ల నేల సిరామిక్ పలకల షోరూం కాదు, గతుకుల సిమెంటు. చిన్న ప్లాస్టిక్ చక్రాలు నెల తిరక్కుండా విరుగుతాయి.

బరువైనవి ఎప్పుడూ కింది సొరుగుల్లోనే. పై సొరుగులు రెండు మూడు ఒకేసారి తెరిస్తే బరువు ముందుకొచ్చి బీరువా మనిషి మీద పడుతుంది. మంచి ట్రాలీల్లో ఒకటి తెరిస్తే ఇంకోటి తెరుచుకోని ఏర్పాటు ఉంటుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి తుప్పు తొందరగా పడుతుంది. సొరుగు అడుగున రబ్బరు చాప పరిచి, సాయంత్రం నూనె గుడ్డతో తుడిచి పెట్టుకోవాలి.

టార్చిలైటు మింగిన విమానం

2023 మార్చిలో అమెరికాలో అరిజోనాలోని ల్యూక్ వైమానిక స్థావరంలో ఎఫ్-35 యుద్ధవిమానం ఇంజిన్ నేల మీదే నడిపి పరీక్షిస్తున్నారు. మెకానిక్ మరిచిపోయిన చిన్న టార్చిలైటుని ఇంజిన్ లోపలికి లాగేసుకుంది. నష్టం దాదాపు 40 లక్షల డాలర్లు.

విమానాల మరమ్మతు చేసేచోట పెట్టె అమరిక వేరేగా ఉండేది ఇందుకే. నురుగు పలక మీద ఒక్కో పనిముట్టు ఆకారంలో గుంట కోసి, గుంట అడుగున ఎర్రటో పచ్చటో రంగు వచ్చేలా చేస్తారు. ఏది లేకపోయినా ఆ రంగు కనిపిస్తుంది. ప్రతిదాని మీదా నంబరు చెక్కి ఉంటుంది. పని ముగిశాక లెక్క కుదరకపోతే విమానాన్ని వదలరు. శంషాబాద్‌లో జీఎంఆర్ ఏరో టెక్నిక్ లాంటి మరమ్మతు కేంద్రంలో చేరాలనుకునే కుర్రాళ్ళు ఈ క్రమశిక్షణకి ముందే అలవాటు పడాలి. కారు షెడ్డులో కూడా ఇది పనికొస్తుంది. బానెట్ లోపల మరిచిపోయిన పానా ఫ్యాన్‌లో పడితే రేడియేటర్ పోతుంది. నురుగు పలక, కత్తి, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు, ఎవరికి వాళ్ళే కోసుకోవచ్చు. అందరి పానాలూ కలిసిపోయే షెడ్డులో మీవాటికి ఒకే రంగు టేపు చుట్టుకోండి, లేదా పేరు చెక్కించుకోండి.

చేతి అంచనా చాలదా?

బోల్టు ఎంత బిగించాలో చెప్పడానికి చాలదు. 1918లో న్యూయార్క్ నగర నీటి సరఫరా శాఖలో పనిచేస్తూ, పైపుల ఫ్లాంజి బోల్టులు ఒక్కోటి ఒక్కో బిగువుతో ఉండడం చూసి విసిగిపోయి, బిగువుని కొలిచే మొదటి టార్క్ రెంచ్ తానే చేశానని కాన్రాడ్ బార్ అనే ఆయన చెప్పుకున్నాడు. నూరేళ్ళు దాటింది, ఇంకా మన షెడ్లలో చాలావాటికి అది చేరలేదు.

బైకు ఇంజిన్ ఆయిల్ డ్రెయిన్ బోల్టు చూడండి. బోల్టు ఉక్కు, దాన్ని పట్టుకున్న ఇంజిన్ గుల్ల అల్యూమినియం. చాలా బైకుల్లో దానికి కావాల్సిన బిగువు పాతిక, ముప్పై న్యూటన్ మీటర్ల దగ్గరే. కారకూడదని ప్రతి సర్వీసులో ఇంకాస్త బిగిస్తారు. నాలుగైదు సర్వీసులయ్యేసరికి అల్యూమినియం మర బోల్టుతో పాటు తీగలా ఊడి వస్తుంది. అప్పుడు హెలికాయిల్ అనే తీగచుట్ట మర వేయాలి, లేదా గుల్లే మార్చాలి. ఖర్చు బండి యజమానిదో, కుర్రాడి జీతానిదో.

టార్క్ రెంచ్ కొనేవాళ్ళు నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి. దాని పూర్తి సామర్థ్యంలో అయిదో వంతుకి దిగువన దాని మాట నమ్మలేం. 200 న్యూటన్ మీటర్ల రెంచ్ కారు చక్రాలకి బాగుంటుంది, డ్రెయిన్ బోల్టుకి పనికిరాదు. దాంతో నట్లు విప్పకూడదు. పని కాగానే స్ప్రింగు మీది బిగువు తీసి, గీతని అన్నిటికన్నా తక్కువ అంకెకి దించి పెట్టాలి, అయితే అంతకన్నా కిందికి పోనివ్వకూడదు. ఏడాదికోసారో, 5,000 సార్లు వాడాకో సరిచూపించాలన్నది అంతర్జాతీయ ప్రమాణం.

నారింజ రంగు వైరు

ఎలక్ట్రిక్ కారు బానెట్ ఎత్తితే కనిపించే లావాటి నారింజ వైర్లలో సాధారణంగా 300, 400 వోల్టుల డీసీ కరెంటు ఉంటుంది. ఆ పనికి మామూలు పానాకి టేపు చుట్టి వాడడం ప్రాణాంతకం. ఇన్సులేటెడ్ పనిముట్ల మీద రెండు త్రికోణాల గుర్తు, 1000 వోల్టుల ముద్ర ఉండాలి. గుర్తు లేని ఎర్ర రబ్బరు పిడి ఉత్త రబ్బరే. వాటితో పాటు క్లాస్ 0 రబ్బరు తొడుగులు, వాటి మీద తోలు తొడుగులు, క్యాట్ 3 రేటింగున్న మల్టీమీటరు కావాలి. వీటిని కుర్రాడు కొనకూడదు, కొననివ్వకూడదు. ఇవి యజమాని ఇవ్వాల్సినవి. ఇవ్వని చోట నారింజ వైరు ముట్టుకోననడం తప్పు కాదు.

టూవీలర్లలోనూ రోజులు మారాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బైకుల్లో కార్బురేటర్ దాదాపు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. మంచి మల్టీమీటరు ఇప్పుడు పానా అంత అవసరం. ఇంజిన్ లోపాల కోడ్లు చదివే స్కానర్ షెడ్డుకి ఒకటి ఉంటే చాలు, కానీ దాన్ని చదవడం మీకు రావాలి.

మెకానిక్‌కి లేని పదిహేను వేలు

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో చేతివృత్తులవాళ్ళకి పనిముట్లు కొనుక్కోవడానికి 15,000 రూపాయల విలువైన ఈ-వోచర్ ఇస్తారు. మొత్తం 18 వృత్తులు. కమ్మరి, వడ్రంగి, తాళాలు చేసేవాళ్ళు, సుత్తులూ పనిముట్లూ తయారుచేసేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ పనిముట్లతో బతికే మోటారు మెకానిక్ ఆ జాబితాలో లేడు. చేరిస్తే బాగుంటుంది. ఆ పదిహేను వేలతో, ఈ పేజీలో చెప్పిన ఆరు నంబర్ల పానాలు, ఒక 3/8 సాకెట్ సెట్టు, ఒక రేకు పెట్టెతో ఒక కుర్రాడు అప్పు లేకుండా పనిలో నిలబడగలడు.

కొనడానికి వెళ్ళేటప్పుడు

మన దేశంలో పానాల పుట్టిళ్ళు పంజాబ్‌లోని జలంధర్, లూథియానా, రాజస్థాన్‌లోని నాగౌర్. జలంధర్‌లో చేతి పనిముట్ల కోసమే ఒక కేంద్ర సంస్థ ఉంది. నాసిక్ దగ్గరి టపారియా 1969లో స్వీడన్ కంపెనీ సాంకేతిక సహకారంతో పనిముట్లు చేయడం మొదలుపెట్టింది. పేరున్న కంపెనీలకి నకిలీలూ ఉంటాయి. ఖరీదైన విదేశీ సెట్టు లేదని చిన్నబుచ్చుకోనక్కర్లేదు, మంచి దేశీ పానా మీ ఉద్యోగానికి నిక్షేపంగా సరిపోతుంది.

సికింద్రాబాద్ రాణిగంజ్‌కి వెళ్ళినా, మీ ఊరి హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళినా, జేబులో 10, 12, 14 తలల కొత్త బోల్టులు మూడు వేసుకుని వెళ్ళండి. పానా నోట్లో బోల్టు పెట్టి అటూ ఇటూ ఆడించి చూడండి. సన్నగా కదలాలి, గడగడలాడకూడదు. పానా మీద కంపెనీ పేరు ఉందో లేదో చూసి, నోరున్న పానాకి ఐఎస్ 2028, రింగు పానాకి ఐఎస్ 2029 అన్న ప్రమాణం నంబరు అట్ట మీదో కేటలాగులోనో ఉందేమో అడగండి. అక్షరాలు ఉక్కులో లోతుగా, స్పష్టంగా పడ్డాయా చూడండి, నకిలీల్లో అంచులు అలుక్కుపోతాయి. రింగు లోపల వేలు తిప్పితే క్రోమ్ పెచ్చు గుచ్చుకోకూడదు. ర్యాచెట్ చెవి దగ్గర పెట్టుకుని తిప్పితే చప్పుడు ఒకే తీరున రావాలి, మధ్యలో ఎక్కడా తడబడకూడదు. అన్నీ కుదిరాక బిల్లు రాయించుకోండి. విరిగితే మార్చి ఇచ్చే కంపెనీలు ఉన్నాయి, బిల్లు లేనివాళ్ళకి మాత్రం ఇవ్వరు.